కబుకీ నటుల అచ్చు బొమ్మలు

జపాన్ రాజధాని టోక్యోకు పూర్వనామం ఎడో. 17వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం చివరి దాకా ఆ నగరంలో కబుకీ అనే నాటకరీతి నటుల బొమ్మలను చెక్క అచ్చులతో కాగితం మీద అద్ది అమ్మడం పెద్ద వ్యాపారంగా సాగింది. వీటిని యకుషా-ఎ, అంటే నటుల చిత్రాలు అనేవారు. ఉకియో-ఎ పేరుతో ప్రపంచానికి తెలిసిన జపాన్ అచ్చు చిత్రకళలో అందగత్తెల చిత్రాలతో పాటు ఇవే పెద్ద భాగం. వీటిని గీసినవారు ఆస్థాన చిత్రకారులు కారు, కొన్నవారిలో ఎక్కువమంది ప్రభువులు కారు. వర్తకులు, చేతిపనివాళ్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు తమకిష్టమైన నటుడి బొమ్మను కొనుక్కునేవారు. నాటకం ఆడుతున్నన్నాళ్లే బొమ్మకు గిరాకీ. అందువల్ల ఈ చిత్రాల తీరు మారిన ప్రతిసారీ దాని వెనక నాటకశాలలోనో, అచ్చు పనిలోనో, సర్కారు శాసనాల్లోనో ఒక మార్పు కనిపిస్తుంది.

నాటకశాలలు, నటులు

కబుకీకి మూలం ఇజుమో నో ఒకుని అనే మహిళ 1603లో క్యోటోలో, కమో నది ఒడ్డున తన బృందంతో ఆడిన ఆటలని చెబుతారు. ఆ ఆటలను వేశ్యల బృందాలు కూడా అందిపుచ్చుకున్నాయి. నీతి చెడుతోందన్న కారణంతో అప్పటి జపాన్‌ను ఏలుతున్న తొకుగావా ప్రభుత్వం 1629లో స్త్రీలు రంగమెక్కడాన్ని నిషేధించింది. వారి స్థానంలోకి వచ్చిన కుర్రవాళ్ల బృందాలకూ 1652లో అదే గతి పట్టింది. అప్పటి నుంచి వయసొచ్చిన మగవాళ్లే అన్ని పాత్రలూ ధరించారు. ఆడవేషాలలో ఆరితేరిన నటులను ఒన్నగాతా అంటారు. అచ్చు బొమ్మల్లో కనిపించే రాణులు, వేశ్యలు, పల్లె పడుచులు అందరూ నిజానికి ఈ మగ నటులే.

ఎడోలో మొదట నాలుగు పెద్ద నాటకశాలలకు అనుమతి ఉండేది. 1714లో తొకుగావా పాలకుడైన షోగన్ అంతఃపురంలో ఉన్నతోద్యోగిని అయిన ఎజిమాకు, ఇకుషిమా షింగోరో అనే నటుడితో సంబంధం ఉందన్న అభియోగం రేగడంతో వాటిలో యమమురా-జా మూతపడింది. మిగిలినవి నకమురా-జా, ఇచిమురా-జా, మొరితా-జా. నటులు ఏడాదికోసారి ఒప్పందం కుదుర్చుకునేవారు. 11వ నెలలో జరిగే ప్రత్యేక ప్రదర్శనలో ప్రతి నాటకశాలా ఆ ఏటి తన నటవర్గాన్ని ప్రేక్షకులకు చూపించేది. సంఘంలో నటుల హోదా తక్కువే. వాళ్లు కట్టిన బట్టల రంగు, నడికట్టు ముడి మాత్రం ఊరంతా పాకేవి. పెద్ద నటులకు ఏడాదికి వెయ్యి బంగారు నాణేలు ముట్టేవని చెప్పుకునేవారు.

ఎడో నటనకు ముద్ర వేసినవాడు మొదటి ఇచికావా దంజూరో (1660–1704). ఎరుపు, నలుపు గీతలతో ముఖం దిద్దుకుని, భారీ దుస్తులతో, గర్జనలతో, అమానుష బలాన్ని చూపే వీరపాత్రలు ఆయనతోనే స్థిరపడ్డాయని చెబుతారు. ఆ శైలి పేరు అరగోతో. 1704లో తోటి నటుడు ఆయనను నాటకశాలలోనే పొడిచి చంపాడు. దంజూరో పేరు మాత్రం వారసులకు సంక్రమిస్తూ వచ్చింది. రెండు శతాబ్దాల అచ్చు బొమ్మలలో అతి తరచుగా కనిపించే పేర్లలో అదొకటి.

తోరీ వంశం

నటుల చిత్రాలకు తొలి రూపం ఇచ్చింది తోరీ వంశం. ఒసాకాలో నటుడు, నాటకశాలల బోర్డుల చిత్రకారుడు అయిన తోరీ కియోమొతో 1687లో కుటుంబంతో ఎడో చేరాడు. ఆయన కొడుకు కియోనొబు (1664–1729) బోర్డులతో పాటు విడి అచ్చు చిత్రాలూ గీశాడు. వీధిలో పోయేవాడి కంట దూరం నుంచే పడాలన్నది బోర్డు బొమ్మ లక్ష్యం. అదే పద్ధతి కాగితం మీదికీ వచ్చింది. సొరకాయల్లా ఉబ్బి సన్నబడే పిక్కలు, వానపాముల్లా లావై సన్నబడుతూ పోయే గీతలు ఈ వంశపు గుర్తులు. అరగోతో వీరుడి బలం, ఆవేశం ఆ గీతలోనే కనిపించేవి.

తొలి బొమ్మలు నల్ల సిరాతో మాత్రమే అచ్చయ్యేవి. తరువాత వాటి మీద చేత్తో రంగులు పూయడం మొదలైంది. మొదట సిందూరపు నారింజ ఎరుపు, ఆపైన కుసుమ పూల నుంచి తీసిన గులాబీ ఎరుపు వాడారు. నలుపులో జిగురు కలిపి లక్కపూతలా నిగనిగలాడించిన బొమ్మలు, ఇత్తడి పొడి చల్లిన బొమ్మలు 1720ల నాటికి వచ్చాయి. ఈ కాలం చిత్రాల్లో ముఖాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నటుడెవరో తెలుసుకోవాలంటే పక్కన రాసిన పేరు చదవాలి, లేదా బట్టల మీది వంశచిహ్నం చూడాలి. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు కనిపిస్తే అతడు ఇచికావా వంశం నటుడు.

1740లలో ఒకుమురా మసనొబు నటుడిని కాకుండా నాటకశాలనే గీశాడు. యూరప్ పద్ధతిలో దూరపు గీతలన్నీ ఒక బిందువు వైపు పోయేలా కూర్చిన ఈ బొమ్మల్లో పైకప్పు దూలాలు, వేలాడే లాంతర్లు, ఇరువైపులా రెండంతస్తుల గదులు, నేల మీద కిక్కిరిసిన జనం, వారి మధ్యగా రంగస్థలానికి సాగే నటుల బాట కనిపిస్తాయి. ఆనాటి నాటకశాలల నిర్మాణం ఎలా ఉండేదో తెలిపే ఆధారాల్లో ఇవి ముఖ్యమైనవి.

అచ్చు తయారీ

నేడు బొమ్మ కింద ఒక్క చిత్రకారుడి పేరే ప్రధానంగా చెప్పుకుంటారు. వాస్తవానికి ఒక్కో బొమ్మ వెనక నలుగురుండేవారు. పెట్టుబడి పెట్టి, విషయం నిర్ణయించి, అమ్మకం చూసుకునేవాడు ప్రచురణకర్త. అతడి మాట ప్రకారం చిత్రకారుడు పలుచని కాగితం మీద సిరాతో గీసి ఇచ్చేవాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని అడవి చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు నిలిచేలా మిగతా చెక్కను తొలిచేసేవాడు. దాంతో అసలు బొమ్మ నాశనమయ్యేది. ఆ అచ్చుతో నల్లగీతల ప్రతులు కొన్ని తీసి, ఎక్కడ ఏ రంగో వాటి మీద సూచిస్తే, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కేవారు.

చివరి పని అద్దేవాడిది. నీటి రంగును అచ్చు మీద కుంచెతో పూసి, తడిపిన కాగితాన్ని పరిచి, వెదురు పొరతో చుట్టిన గుండ్రని మెత్తతో వెనక నుంచి రుద్దేవాడు. రంగులు ఒకదాని మీద ఒకటి తప్పకుండా కూర్చోవడానికి ప్రతి అచ్చులోనూ ఒక మూల, ఒక అంచున గుర్తుగా గాడి ఉండేది. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన గట్టి కాగితం కనుక పదిసార్లకు పైగా రుద్దినా చిరిగేది కాదు. తొలి విడతలో సాధారణంగా 200 ప్రతులు తీసేవారు. అమ్ముడైతే మరో విడత. మామూలు బొమ్మ ధర ఒక గిన్నెడు సేమ్యాల ధరకు కొంచెం అటూ ఇటూగా ఉండేది. నటుల చిత్రాలకు 18వ శతాబ్దంలో ఎక్కువగా వాడిన కొలత సన్నగా నిలువుగా ఉండేది, సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల వెడల్పు. తరువాత 39 బై 26 సెంటీమీటర్ల పెద్ద కాగితం వాడుకలోకి వచ్చింది.

నాటకం ఆడేది కొద్ది వారాలే కాబట్టి ఈ పనంతా వేగంగా జరగాలి. ప్రదర్శన మొదలయ్యే నాటికే బొమ్మ అంగట్లో ఉండాలని కొందరు ప్రచురణకర్తలు ముందుగా ప్రకటించిన పాత్రల జాబితాను బట్టి గీయించేవారు. చివరి క్షణంలో నటుడు మారితే ఎన్నడూ జరగని దృశ్యం కాగితం మీద మిగిలిపోయేది.

పోలిక వచ్చిన ముఖం

1740లలో రెండు, మూడు రంగుల అచ్చులు వచ్చాయి. 1765లో ఎడో సంపన్న రసికులు చిత్రాల కేలండర్లు చేయించి ఇచ్చిపుచ్చుకునే సరదాలో పడ్డారు. ఆ పోటీలోంచి అనేక రంగుల పూర్తి అచ్చు పుట్టింది. దానికి పేరు తెచ్చిన సుజుకీ హరునొబు నటుల మీద అంతగా మనసు పెట్టలేదు. ఆ పద్ధతిని నాటకరంగానికి వాడినవారు కత్సుకావా షున్షో (1726–1792), ఇప్పిత్సుసాయ్ బున్చో. 1770లో ఇద్దరూ కలిసి విసనకర్ర ఆకారపు చట్రాల్లో వందకు పైగా నటుల ముఖాలు గీసి పుస్తకంగా తెచ్చారు. ఒకరి ముక్కు మరొకరికి లేదు. ఒకరి దవడ పలక, ఇంకొకరి కళ్లు చిన్నవి. అప్పటి నుంచి నటుడిని గుర్తించడానికి వంశచిహ్నం మీద ఆధారపడే అవసరం తగ్గింది.

షున్షో నటులను రంగస్థలం వెనక, వేషం వేసుకునే గదిలోనూ చూపించాడు. పాత్ర, నటుడు వేరువేరు మనుషులన్న ఎరుక ఆ చిత్రాల్లో ఉంది. ఆయన శిష్యులు షున్‌కో, షున్‌యెయ్ తల, భుజాలు మాత్రమే కాగితం నిండా వచ్చే పద్ధతి తెచ్చారు.

షరాకు పది నెలలు

1794 ఐదో నెలలో తోషూసాయ్ షరాకు అనే కొత్త పేరుతో ఒకేసారి 28 పెద్ద ముఖచిత్రాలు వెలువడ్డాయి. వెనక నల్లని అభ్రకపు మెరుపు, ముందు నటుడి ముఖం, భుజాలు. ప్రచురణకర్త త్సుతాయా జూజబురో. అప్పుల్లో కూరుకుని మూడు పెద్ద నాటకశాలలూ మూతపడగా, వాటికి బదులుగా అనుమతి పొందిన మియాకో-జా, కిరి-జా, కవరజాకి-జాలలో ఆ నెల ఆడిన నాటకాలే ఈ బొమ్మలకు వస్తువు.

వీటిలో అందరికీ తెలిసింది మూడో ఒతాని ఒనిజి ధరించిన ఎదోబెయ్ పాత్ర. డబ్బు దోచుకోవడానికి సిద్ధమైన దుండగుడు మెడ ముందుకు సాచి, పెదవులు బిగించి, రెండు చేతుల వేళ్లూ విప్పి ఉంటాడు. ఎదురు నిలిచిన సేవకుడు ఇప్పెయ్‌గా మొదటి ఇచికావా ఒమెజో బొమ్మ వేరే కాగితం మీద ఉంది. రెండూ పక్కపక్కన పెడితే దృశ్యం పూర్తవుతుంది. ఒన్నగాతాలను గీసినప్పుడు కూడా షరాకు సొగసు అద్దలేదు. ఆడవేషం కింద వయసు మళ్లిన మగవాడి దవడ కనిపించేలా గీశాడు.

తరువాతి విడతల్లో నిలువెత్తు బొమ్మలు వచ్చాయి. 1795 తొలి నెలల తరువాత ఆ పేరు మళ్లీ వినపడలేదు. పది నెలల్లో వచ్చినవి 140కి పైగా చిత్రాలు. ఉన్నదాన్ని మరీ ఉన్నట్టుగా గీయబోయి వికృతం చేశాడనీ, అందుకే ఎంతోకాలం నిలవలేదనీ నాటి రచయిత ఓతా నన్పో అభిప్రాయపడ్డాడు. తమ నటుడు అందంగా కనిపించాలనుకునే అభిమానికి ఈ ముఖాలు నచ్చి ఉండవు. షరాకు ఎవరన్న ప్రశ్నకు ఎన్నో సమాధానాలు పుట్టాయి. అవా ప్రభువు కొలువులో నో అనే నాటకరీతి నటుడు సైతో జూరోబెయ్ అన్నది 19వ శతాబ్దపు రాతల్లోనే ఉంది. ఇప్పుడు ఎక్కువమంది పండితులు దాన్నే అంగీకరిస్తున్నారు. 1910లో జర్మన్ పండితుడు యూలియస్ కూర్త్ ప్రచురించిన పుస్తకంతో షరాకు కీర్తి యూరప్‌లో స్థిరపడింది.

ఉతగావా చిత్రకారులు

షరాకు మొదలుపెట్టిన 1794లోనే ఉతగావా తోయోకుని (1769–1825) రంగస్థలం మీది నటుల నిలువెత్తు బొమ్మల వరసను ప్రారంభించాడు. పోలిక చెడకుండానే నటుడిని అందంగా, హుందాగా చూపడం ఆయన పద్ధతి. మార్కెట్ ఆయన వైపు మొగ్గింది. 1817లో నటుల ముఖాలను పోలిక వచ్చేలా గీయడం నేర్పే పాఠ్యపుస్తకం కూడా తెచ్చాడు. దాంతో ఫలానా నటుడి కన్ను, ముక్కు ఇలా గీయాలన్నది శిష్యులందరికీ అందే సూత్రమైంది.

ఆయన శిష్యుడు కునిసదా (1786–1865) 1844లో గురువు పేరు స్వీకరించి 19వ శతాబ్దంలో ఈ వ్యాపారాన్ని ఏలాడు. ఆయన గీసినవి 20,000కు మించి ఉంటాయని అంచనా. మూడు కాగితాలు పక్కపక్కన చేర్చి ఒకే దృశ్యం చూపడం ఈ కాలంలో మామూలైంది. ఒక్కో కాగితంలో ఒక్కో నటుడు ఉంటాడు కాబట్టి డబ్బు చాలనివాడు తనకిష్టమైన నటుడి కాగితం ఒక్కటే కొనుక్కోవచ్చు.

ఈ దృశ్యాల్లో చిత్రకారుడు ఎంచుకునే క్షణం చాలాసార్లు మియే. కథ పతాకస్థాయికి చేరినప్పుడు నటుడు కదలిక ఆపి, కళ్లను మెల్లకన్నుగా తిప్పి, భంగిమలో బిగుసుకుపోతాడు. చెక్క తాళాలు మోగుతాయి, జనం నటుడి వంశనామం కేక వేస్తారు. రంగస్థలమే తనను తాను బొమ్మగా మార్చుకునే ఆ క్షణం అచ్చుకు సహజంగా ఒదిగింది.

ఒసాకా బొమ్మలు

ఒసాకాలో నాటకశాలలు దోతొంబోరి కాలువ ఒడ్డున ఉండేవి. అక్కడ విడి చిత్రాలు ఆలస్యంగా, 1790ల్లో ర్యూకోసాయ్ జోకెయ్‌తో ఊపందుకున్నాయి. ఎడోలో అందగత్తెలు, ప్రకృతి దృశ్యాలు, యోధులు కూడా అమ్ముడయ్యేవి. ఒసాకాలో మాత్రం దాదాపు అన్నీ నటుల చిత్రాలే. గీసినవారిలో చాలామంది వేరే వృత్తి చేసుకుంటూ నటుల అభిమాన సంఘాల్లో ఉన్నవారు. మూడో నకమురా ఉతాయెమోన్ వంటి నటుల చుట్టూ ఈ సంఘాలు ఏర్పడేవి. తక్కువ ప్రతులు, ఖరీదైన రంగులు, లోహపు పొడి మెరుపులు, అభిమానులు రాసిన చిన్న కవితలు ఒసాకా బొమ్మల ప్రత్యేకత. షున్‌కోసాయ్ హొకుషూ వీరిలో ప్రముఖుడు.

నిషేధాలు

1790 నుంచి ప్రతి బొమ్మనూ అమ్మకానికి ముందు పరిశీలనకు పంపి, ఆమోదముద్ర వేయించుకోవాల్సి వచ్చింది. అసలు దెబ్బ పొదుపు పేరుతో ప్రభుత్వం తెచ్చిన తెన్పో సంస్కరణలతో తగిలింది. 1841లో నకమురా-జా, ఇచిమురా-జా అగ్నికి ఆహుతయ్యాయి. వాటిని నగరం నడిబొడ్డున మళ్లీ కట్టనివ్వకుండా ప్రభుత్వం ఊరి అంచున అసకుసాలోని సరువాకా-చోకు తరలించింది. 1842లో ఏడో దంజూరోను ఆడంబరం నేరం కింద ఎడో నుంచి బహిష్కరించింది. నాటకంలో నిజమైన కవచం వాడటం ఆయన మీది అభియోగాల్లో ఒకటి. అదే ఏడాది నటుల, వేశ్యల అచ్చు చిత్రాలను నిషేధించింది. ఒసాకాలో అచ్చు పని కొన్నేళ్లపాటు దాదాపు ఆగిపోయింది. తిరిగి మొదలైనప్పుడు హిరోసదా వంటివారు చిన్న కాగితాన్నే వాడారు.

ఎడో చిత్రకారులు దొడ్డిదారులు వెతికారు. నటుల పేర్లు తీసేసి చరిత్ర వీరులుగా, నీతికథల పాత్రలుగా చూపేవారు. ముఖం చూడగానే కొనేవాడికి అర్థమయ్యేది. ఉతగావా కునియోషి (1798–1861) నటుల పోలికలున్న పిల్లులను, బంగారు చేపలను గీశాడు. 1840ల చివర గిడ్డంగి గోడ మీద మేకుతో గీకిన పిచ్చిగీతల్లా నటుల ముఖాలు గీసి ఒక వరస తెచ్చాడు. కొన్నేళ్లకు ఆంక్షలు సడలి, 1850ల నాటికి నటుల చిత్రాలు మామూలుగానే రాసాగాయి.

మరణ చిత్రాలు

పేరున్న నటుడు చనిపోతే కొద్ది రోజుల్లోనే స్మారక చిత్రాలు అంగళ్లకు వచ్చేవి. వాటిలో నటుడు సాధారణంగా లేత నీలి దుస్తుల్లో, చేతిలో జపమాలతో ఉంటాడు. మరణ తేదీ, బౌద్ధ ధర్మనామం, సమాధి ఉన్న ఆలయం పేరు పక్కన రాసేవారు. 1854లో ఎనిమిదో దంజూరో ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నాడు. ముప్పయ్యేళ్లు దాటిన ఆ అందగాడి కోసం వందకు పైగా రకాల మరణ చిత్రాలు వెలువడ్డాయి. కొన్నింటిలో ఆయన కోసం స్త్రీలు గుంపుగా విలపిస్తుంటారు. తొందరలో గీసి, చాలావరకు చిత్రకారుడి సంతకం లేకుండా అమ్మిన ఇవి నాటి వార్తాపత్రికల లోటు తీర్చాయి.

మేజీ కాలం, ఆ తరువాత

1868లో తొకుగావాల స్థానంలో మేజీ ప్రభుత్వం వచ్చాక దిగుమతైన రసాయన రంగులతో బొమ్మల్లో ఘాటైన ఎరుపు, ఊదా ప్రబలాయి. ఈ కాలపు ప్రధాన చిత్రకారుడు కునిసదా శిష్యుడైన తోయోహారా కునిచికా (1835–1900). ఒకే నటుడి రూపం మూడు కాగితాల నిండా పరుచుకునేలా కూర్చడం ఆయన ఘనత. తొమ్మిదో దంజూరో, ఐదో ఒనోయె కికుగొరోల పేరుపడ్డ పాత్రలను 1890ల్లో వరసలుగా గీశాడు. ఆయన పోయిన మూడేళ్లకు, 1903లో, ఆ ఇద్దరు నటులూ మరణించారు. అప్పటికే నటుడి ముఖం కావాలంటే ఫొటో దొరికేది, వార్త కావాలంటే పత్రిక ఉండేది. నెలనెలా అచ్చు బొమ్మ కొనే అలవాటు పోయింది.

20వ శతాబ్దంలో ఈ చిత్రాలు సేకర్తల కోసం తిరిగి వచ్చాయి. ప్రచురణకర్త వతనాబే షోజబురో పాత పద్ధతిలోనే చెక్కేవాళ్లను, అద్దేవాళ్లను పెట్టి పనిచేయించాడు. 1923 టోక్యో భూకంపంలో ఆయన అచ్చులు కాలిపోయినా మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన కోసం నతోరి షున్సెన్ 1925–29 మధ్య 36 నటుల ముఖచిత్రాలు గీశాడు. 1978 నుంచి 2000 దాకా త్సురుయా కోకెయ్ టోక్యోలోని కబుకీ-జాలో అమ్మకానికి నటుల ముఖాలను తానే గీసి, చెక్కి, అద్దాడు.

యూరప్‌లో 19వ శతాబ్దం రెండో సగంలోనే ఈ బొమ్మలు చేతులు మారాయి. చిత్రకారుడు వాన్ గోగ్ పోగుచేసిన జపాన్ అచ్చుల్లో కునిసదా చిత్రాలు ఎన్నో ఉన్నాయి. జపాన్‌లో వీటికి పెద్ద నిలయం వసెదా విశ్వవిద్యాలయంలో 1928లో రచయిత త్సుబోఉచి షోయో పేరిట నెలకొల్పిన నాటక మ్యూజియం. అక్కడ 40,000కు పైగా అచ్చు చిత్రాలున్నాయి. ఫొటో లేని కాలపు నాటకరంగానికి ఇవే ముఖ్యమైన దృశ్యాధారాలు. ఆమోదముద్ర ఆకారం, కాలం తెలిపే ముద్రలు, వంశచిహ్నం, పాత్ర పేరు గుర్తించి, వాటిని నాటకశాలలు అచ్చేసిన ప్రదర్శన పత్రాలతో పోల్చి పరిశోధకులు ఒక్కో బొమ్మ ఏ నెలలో, ఏ నాటకశాలలో ఆడిన ఏ అంకానిదో తేలుస్తున్నారు. ప్రకటన చూసి ముందే గీసిన బొమ్మలు, నిషేధానికి భయపడి పేర్లు దాచిన బొమ్మలు కూడా ఉన్నాయి కాబట్టి ఆ పోలిక లేకుండా ఏ బొమ్మనూ జరిగిన ప్రదర్శనకు సాక్ష్యంగా తీసుకోరు.